అర్జీకి ఉన్న చోటు చర్చకు ఏది?
ఆన్‌లైన్ పౌర వేదికల రూపకల్పనపై ఒక విమర్శ

2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పౌరులను ఒక ప్రశ్న అడిగింది. అమరావతిలో కట్టబోయే శాసనసభ భవనానికి లండన్‌కు చెందిన నార్మన్ ఫోస్టర్ సంస్థ తయారుచేసిన నమూనాలలో మీకు ఏది నచ్చింది అని. బొమ్మలు ఆన్‌లైన్‌లో పెట్టారు. సినీ దర్శకుడు రాజమౌళి సలహాలు కూడా తీసుకోవడంతో విషయం పత్రికలలో బాగా నలిగింది. సూదిమొనలా పైకి లేచే టవర్ ఆకృతిని ఎక్కువమంది మెచ్చారని చెప్పి ప్రభుత్వం దానివైపే మొగ్గింది. అంతకు రెండేళ్ల ముందు, 2015 అక్టోబరులో శంకుస్థాపన సందర్భంగా, మరొక ఆన్‌లైన్ ఏర్పాటు చేశారు. పది రూపాయలు చెల్లించి ఎవరైనా ఒక ‘ఇ-ఇటుక’ను రాజధానికి విరాళంగా ఇవ్వవచ్చు.

ఈ రెంటినీ భాగస్వామ్య ప్రజాస్వామ్యానికి ఉదాహరణలుగా మీ పరీక్షా పత్రంలో రాయవచ్చా? రాయవచ్చు గాని, రాసే ముందు అదే నేల మీద అదే కాలంలో జరిగిన ఇంకొక పనిని పక్కన పెట్టి చూడండి. గుంటూరు జిల్లా తుళ్లూరు పరిసరాలలోని 29 గ్రామాలలో రాజధాని కోసం భూసమీకరణ జరిగింది. నియమాలు 2015 జనవరిలో వచ్చాయి. సమ్మతించే రైతు 9.3 ఫారం ఇవ్వాలి. అభ్యంతరం ఉన్న రైతు 9.2 ఫారం ఇవ్వాలి. మొత్తం 33 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరణలోకి వచ్చింది. పెనుమాక, ఉండవల్లి వంటి ఊళ్లలో చాలామంది 9.2 ఫారాలు ఇచ్చారు. మెట్ట ఎకరాకు ఏటా 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు అన్నారు. భూమి లేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. ఆ మెట్ట పొలాలలో పత్తి, మిరప, అపరాలు పండేవి.

శాసనసభ శిఖరం ఎలా ఉండాలన్న ప్రశ్న లోకమంతటికీ ఆన్‌లైన్‌లో వచ్చింది. ఆ శిఖరం నిలబడే నేల సంగతి కాగితం ఫారాల మీద, ఒక్కొక్క భూయజమానితో విడివిడిగా నడిచింది. కౌలుదారుకు గాని, కలుపు తీసే కూలీకి గాని 9.2 ఫారమూ లేదు, 9.3 ఫారమూ లేదు. రాజధాని అక్కడ కట్టడం మంచిదా చెడ్డదా అనే తీర్పు ఈ పాఠం ఇవ్వదు. దానికి వేరే యూనిట్లు ఉన్నాయి. ఇక్కడ మీరు గమనించవలసింది ఒక్క విషయం. వేదికను తయారుచేసినవారు ప్రశ్నను ముందే ఎంచుకున్నారు. తేలికైన ప్రశ్నకు పెద్ద వేదిక, బరువైన ప్రశ్నకు ఇరుకు కిటికీ దక్కాయి. ఆన్‌లైన్ వేదికల మీద వచ్చే వ్యాసాలలో సర్వర్లు, యాప్‌లు, భద్రత గురించి చాలా ఉంటుంది. ప్రశ్నను ఎవరు రాస్తారన్న మాట మాత్రం అరుదుగా కనిపిస్తుంది. నా దృష్టిలో రూపకల్పన అక్కడే మొదలవుతుంది.

ఇది ఒక ప్రభుత్వం మీద ఫిర్యాదు అనుకోకండి. పార్టీలు మారినా మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పౌర వేదిక ఆకారం పెద్దగా మారలేదు. 2014 తరువాత ‘మీ కోసం’, 1100 నంబరు వచ్చాయి. 2019 జులైలో ‘స్పందన’, 1902 నంబరు వచ్చాయి. 2023లో ‘జగనన్నకు చెబుదాం’, 2024లో ప్రభుత్వం మారాక ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’ వచ్చాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. వీటిని తక్కువ చేసి చూడనక్కరలేదు. సోమవారం పొద్దున్నే బస్సెక్కి ఒంగోలు కలెక్టరేటుకు పోయి వరుసలో నిలబడవలసిన ముసలమ్మకు ఫోనులోనే అర్జీ నంబరు దొరికితే అది నిజమైన మేలే. రోజు కూలి దక్కుతుంది, చార్జీ మిగులుతుంది.

అయితే వీటన్నిటి లోపలి కట్టడం ఒకటే. ఒక మనిషి, ఒక అర్జీ, ఒక అధికారి, ఒక గడువు, చివర ‘పరిష్కరించబడింది’ అనే ముద్ర. నా అర్జీ మీకు కనపడదు, మీ అర్జీ నాకు కనపడదు. మన ఇద్దరి అర్జీలూ ఒకే కాలువ గురించి అయినా మనకు తెలియదు. వేదికలో పౌరుడికి, ప్రభుత్వానికి మధ్య తీగ ఉంది. పౌరుడికి, పౌరుడికి మధ్య తీగ లేదు. పరిపాలనా శాస్త్రం దీన్ని సేవాప్రదానం అంటుంది, ఆ మాట సరైనదే. ప్రజాస్వామ్య చర్చ అని పిలిస్తేనే చిక్కు.

మిరప పొలానికి తీసుకువెళ్తే ఈ తేడా ఏమిటో తెలుస్తుంది. 2021-22లో పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పూతలోనే చేరి కాయ పట్టనీయలేదు. కొట్టిన మందు మళ్లీ కొట్టినా లొంగలేదు. ఆ రైతు దగ్గర ఉన్న సమాచారం రెండు రకాలు. మొదటిది అతని సొంత నష్టం: ఎన్ని ఎకరాలు, ఎంత పెట్టుబడి, ఈ-క్రాప్‌లో నమోదు అయిందా లేదా. దీన్ని చెప్పుకోవడానికి అర్జీ ఉంది. రెండవది పదిమంది కలిస్తేనే అర్థమయ్యేది: ఏ మందు ఎవరి చేలో పనిచేయలేదు, ఏ రకం విత్తనం కొంచెం తట్టుకుంది, ఏ వారంలో ఏ ఊరినుంచి పురుగు జరిగింది, దుకాణాలు ఏం అంటగట్టాయి. ఈ రెండవ రకానికి ప్రభుత్వ వేదికలో చోటు లేదు. అది టీ కొట్టు దగ్గర, పురుగుమందుల దుకాణం అరుగు మీద, వాట్సాప్ గుంపులలో తిరిగింది. అక్కడ నిజమూ తిరుగుతుంది, దుకాణదారు ప్రచారమూ తిరుగుతుంది. ఏది ఏదో తేల్చేవారు ఉండరు.

ధర సంగతి కూడా ఇంతే. 2025 ప్రారంభంలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలుగా ధర నిర్ణయించి, 2.58 లక్షల టన్నుల వరకు పథకాన్ని వర్తింపజేస్తామన్నది. ‘నాకు పథకం వర్తించలేదు’ అని ఒక రైతు అర్జీ పెట్టవచ్చు. ‘ఈ అంకె ఎలా వచ్చింది, కౌలు ఖర్చును లెక్కలో కలిపారా, కోత కూలి ఏ రేటున వేశారు’ అన్నది ఎవరి సొంత సమస్యా కాదు, అందరిదీ. అర్జీల పోర్టల్‌లో దానిని ఏ శాఖ కింద, ఏ ఉపశీర్షిక కింద పెట్టాలో ఒకసారి ప్రయత్నించి చూడండి. పోర్టల్ కట్టినవాళ్లకు అలాంటి ప్రశ్న వస్తుందన్న ఊహ లేదు.

ఇక చర్చకు చోటిచ్చిన ప్రయత్నాలు మన దగ్గర లేవా అంటే ఉన్నాయి. రెండిటిని చెబుతాను. రెండూ ఆన్‌లైన్‌వి కావు. అయినా ఆన్‌లైన్ వేదిక కట్టేవారు వీటినుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

మొదటిది ప్రజాతీర్పు. 1999లో రాష్ట్ర ప్రభుత్వం ‘విజన్ 2020’ పత్రాన్ని విడుదల చేసింది. మెకిన్సీ సంస్థ సహాయంతో తయారైన ఆ పత్రం ప్రకారం వ్యవసాయం మీద ఆధారపడినవారు 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గాలి. తగ్గవలసినవారిని ఎవరూ అడగలేదు. 2001 జూన్ చివరలో అప్పటి మెదక్ జిల్లా అల్గోల్ గ్రామంలో కొన్ని స్వచ్ఛంద, పరిశోధన సంస్థలు కలిసి పౌర జ్యూరీని కూర్చోబెట్టాయి. జ్యూరీ సభ్యులలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతు కుటుంబాల స్త్రీలు. వ్యవసాయం రాబోయే రోజుల్లో ఎలా ఉండవచ్చో మూడు రకాల చిత్రాలను వీడియోలుగా చూపారు. ఒకటి ప్రభుత్వ పత్రం చెప్పిన దారి, మరొకటి ఎగుమతి కోసం సేంద్రియ సాగు, ఇంకొకటి స్థానిక స్వయంపోషకత్వం. ఆ మూడిటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిందేనన్న నిర్బంధం లేదు. వాటి ముక్కలు తీసుకుని తమ చిత్రాన్ని తాము కట్టుకోవచ్చు. అధికారులు, కంపెనీల ప్రతినిధులు, శాస్త్రవేత్తలు సాక్షులుగా వచ్చి చెప్పారు. జ్యూరీ వారిని అడ్డుప్రశ్నలు వేసింది. చివరకు జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం, మనుషులను పొలంనుంచి తప్పించే యాంత్రీకరణ తమకు వద్దన్నది. 70 నుంచి 40 అన్న లెక్కను తిరస్కరించింది.

జ్యూరీ ఎంపిక మీద, నిర్వాహకుల మొగ్గు మీద అప్పట్లో గట్టి విమర్శలే వచ్చాయి. అవి కొట్టిపారేయవలసినవి కావు. రాష్ట్రమంతటి రైతుల పేరు మీద గుప్పెడు మంది ఎలా మాట్లాడతారన్నది న్యాయమైన ప్రశ్నే. కాని నా ఫిర్యాదు వేరు. ఆ తీర్పుకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. ప్రభుత్వం ఒప్పుకోనక్కరలేదు, కనీసం ‘ఈ కారణాల వల్ల ఒప్పుకోము’ అని రాతపూర్వకంగా చెప్పనక్కరలేదు. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతినిచ్చింది. తరువాత గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో ఆ విత్తనమే పరుచుకుంది. అది రైతుకు మేలు చేసిందా కీడు చేసిందా అన్నది పెద్ద వాదం. ఆ వాదం జరగవలసిన చోట మాత్రం జరగలేదు.

రెండవది ఉపాధి హామీ సామాజిక తనిఖీ. 2005 నాటి చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు ఆ అధికారం ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే మొదలుపెట్టి, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేసింది. పని ఇలా నడిచేది. ముందు రికార్డులు చేతికి వస్తాయి: మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల వివరాలు. శిక్షణ పొందిన గ్రామ తనిఖీదారులు ఇంటింటికీ పోయి, ‘నీ పేరున ఇన్ని రోజులు పనిచేసినట్టు ఉంది, నిజమేనా’ అని అడుగుతారు. తేడాలు గ్రామసభలో చదువుతారు. చివర మండల కేంద్రంలో ప్రజావేదిక ఉంటుంది. అక్కడ అధికారి ఉంటాడు, ఆరోపణ ఎదుర్కొనే ఫీల్డ్ అసిస్టెంట్ ఉంటాడు, కూలీలు ఉంటారు. జవాబు అందరి ముందూ చెప్పాలి.

ఇక్కడ చర్చ విధానం మీద జరగదు. రోడ్డు వేయాలా, కుంట తవ్వాలా అన్నది కాక, తవ్విన కుంట నిజంగా ఉందా అన్నదే ప్రశ్న. రాబట్టవలసిన సొమ్ము రాబట్టడంలో ఆలస్యాలు, రాజీలు ఉన్న మాట నిజం. కాని దాని కట్టడంలో ఒక గొప్ప తెలివి ఉంది. అభిప్రాయం అడిగే ముందు సమాచారం చేతిలో పెట్టింది. చదువురాని మనిషికి దాన్ని పైకి చదివి వినిపించింది. అడిగినవాడికి జవాబు అదే చోట, పదిమంది సాక్షిగా ఇవ్వాలన్నది.

ఇప్పుడు 2024కు రండి. ‘స్వర్ణాంధ్ర 2047’ దార్శనిక పత్రం కోసం ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ప్రజల సూచనలు కోరింది. సూచన పంపినవారికి ఇ-ప్రశంసాపత్రం ఇచ్చే ఏర్పాటు పెట్టింది. డిసెంబరు 13న విజయవాడలో పత్రం విడుదలైంది. విజన్ 2020 నాటితో పోలిస్తే జనాన్ని అడగడమే ముందడుగు అని మీలో కొందరు అనవచ్చు. కాదనను. అయితే ప్రశంసాపత్రం ఎవరికి ఇస్తాం? వక్తృత్వ పోటీలో పాల్గొన్న పిల్లవాడికి. పౌరుడికి ఇవ్వవలసింది జవాబు. ఫలానా సూచన ఎందుకు తీసుకున్నాం, ఫలానాది ఎందుకు తీసుకోలేదు అన్న నాలుగు వాక్యాలు. అల్గోల్‌లో కూర్చున్న స్త్రీలు సాక్షిని ఎదురుప్రశ్న వేయగలిగారు. తెరమీద బాక్సులో టిక్కు పెట్టినవాడు ఎవరినీ ఏమీ అడగలేడు. సంఖ్య లక్షల్లోకి పెరిగింది, చర్చ సన్నబడింది.

జవాబు చెప్పే పద్ధతి మన దేశంలో అసాధ్యమా? కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏ నియమం చేసే ముందైనా సంప్రదింపుల పత్రం వెలువరిస్తుంది, వచ్చిన వ్యాఖ్యలను ప్రచురిస్తుంది, వాటిపై ప్రతివ్యాఖ్యలు తీసుకుంటుంది, బహిరంగ సమావేశం పెడుతుంది, చివర నియమంతోపాటు కారణాల వివరణను జతచేస్తుంది. ఇంటర్నెట్ తటస్థత వివాదంలో 2016 ఫిబ్రవరి 8న ఇచ్చిన ఉత్తర్వు అలా వచ్చినదే. అదే వివాదం ఇంకొక పాఠమూ నేర్పింది. 2015 ఏప్రిల్‌లో తనకు వచ్చిన పది లక్షలకు పైగా ఈ-మెయిళ్లను ట్రాయ్ పంపినవారి చిరునామాలతో సహా బయటపెట్టింది. దేశమంతా గగ్గోలెత్తింది. పారదర్శకత ప్రభుత్వానికి ఉండాలి, మాట్లాడిన మనిషికి కొంత మరుగు ఉండాలి. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే ఏమవుతుందో పల్లెలో ఇంకా బాగా తెలుస్తుంది. ‘మా ఆసామి కౌలు కాగితం మీద సంతకం పెట్టనంటున్నాడు’ అని ఒక కౌలురైతు పేరుతో సహా రాశాడనుకోండి. వచ్చే ఏడు అతనికి ఆ చెక్క దక్కదు.

కౌలురైతు మాట వచ్చింది కాబట్టి అది కొంచెం విప్పుతాను. మిరపకు ఎకరా పెట్టుబడి పెద్దది, కౌలు కూడా పెద్దదే. 2019లో చేసిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి వీలిచ్చింది గాని, దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం లేనివాడికి కార్డు లేదు. కార్డు లేకపోతే చాలా చోట్ల అతను సాగుదారుగా రికార్డులో కనపడడు. రికార్డులో కనపడని మనిషికి ఆన్‌లైన్ వేదికలో ‘రైతు’ అన్న గడిలోకి ప్రవేశం దొరకదు. వేదిక తయారుచేసిన ఇంజనీరు ఎవరినీ వెళ్లగొట్టలేదు. అతను పాత రికార్డును కొత్త తెరకు తగిలించాడు, అంతే. కాగితం మీద ఉన్న వివక్ష ఇప్పుడు పాస్‌వర్డు వెనుకకు వెళ్లింది.

కోత కూలీల సంగతి ఇంకా విచిత్రం. జనవరి దాటాక కర్నూలు పడమటి మండలాలనుంచి, ప్రకాశం మెట్టలనుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు పక్క పల్లెలకు మిరపకోతలకు వస్తాయి. చేల గట్ల మీద పట్టాలు కప్పుకుని నెలల తరబడి ఉంటారు. తాగునీరు, పిల్లల బడి, కోత రేటు, తూకం, ఇవన్నీ ఆ పల్లెలోనే తేలవలసిన విషయాలు. కాని వారి ఆధార్ చిరునామా ఎక్కడో ఆదోని పక్క ఊరు. వేదిక వారిని ఆ ఊరి సచివాలయానికి పంపుతుంది. ‘పౌరుడు’ అంటే ఒక చిరునామా అని అనుకున్న వేదిక, కాళ్ల మీద బతికే పౌరుణ్ణి చూడలేదు.

సంపర్క తరగతులలో ఇంతవరకు చెప్పగానే విద్యార్థులు అడిగే మాట ఒకటి ఉంది. ‘అందరూ మాట్లాడుకునే వేదిక పెడితే బూతులే కదండీ మిగిలేది?’ అనుభవం చూస్తే ఆ భయం సహజం. దీనికి తైవాన్‌లో ఒక సాంకేతిక జవాబు దొరికింది. అక్కడ వీతైవాన్ అనే ప్రయత్నంలో, 2015లో ఉబర్ టాక్సీల నియంత్రణ మీద, పోలిస్ అనే సాధనాన్ని వాడారు. అందులో ఎవరైనా ఒక చిన్న వాక్యం రాయవచ్చు. చదివినవారు ఒప్పుకుంటాను, ఒప్పుకోను, దాటవేస్తాను అని మాత్రమే చెప్పగలరు. కింద జవాబు రాసే వీలు లేదు, కాబట్టి తిట్టుకు చోటు లేదు. ఒకేలా ఓటేసినవారిని యంత్రం గుంపులుగా చూపుతుంది. ఎదురెదురు గుంపులు రెండూ ఒప్పుకున్న వాక్యాలను పైకి తెస్తుంది. టాక్సీవారు, ప్రయాణికులు బీమా, రిజిస్ట్రేషన్ వంటి విషయాల మీద కలిసే ఉన్నారని అలా బయటపడింది. మరుసటి ఏడాది నియమాలలో దాని జాడ కనిపించింది. అక్కడ కూడా ప్రభుత్వం కట్టుబడాలన్న నిబంధన లేకపోవడంతో తరువాత దాని ఊపు తగ్గింది. అల్గోల్‌లో చూసిన లోపమే అది.

ఆ సాధనాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి త్రిపురాంతకంలో పెడితే పనిచేస్తుందా? నాకు నమ్మకం లేదు. వాక్యం చదవాలి, రాయాలి. ఇంట్లో ఫోను ఒక్కటే, అది ఎక్కువగా మగవాడి జేబులో ఉంటుంది. అక్షరం బదులు గొంతు వాడాలి. తెలుగులో మాట్లాడి పంపిన వాక్యాన్ని తెలుగులో వినిపించి, ఒకటి నొక్కితే అవును, రెండు నొక్కితే కాదు అనే ఏర్పాటు చేయడం ఈనాటి సాంకేతికతకు కష్టం కాదు. పేరు దాచి, ఊరు మాత్రం చూపవచ్చు. చర్చకు వచ్చిన మొదటి పది ప్రశ్నలను అధికారులు కాక జనమే ఎన్నుకునేలా చేయవచ్చు. నేలమీది సామాజిక తనిఖీ బృందాల వంటివారు వేదికకు చేతులు, కాళ్లు అవుతారు. వినలేనివారి ఇంటికి వెళ్లి వినిపిస్తారు. ఫలితాన్ని గ్రామసభ ముందు చదివి, సంబంధిత శాఖ రాతపూర్వకంగా జవాబివ్వాలన్న నియమం మాత్రం సాఫ్ట్‌వేర్‌తో రాదు. దాన్ని చట్టంలోనో, కనీసం జీవోలోనో రాయాలి.

వేళ కూడా రూపకల్పనలో భాగమే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. మంచి ప్రయత్నమే. అయితే ఆగస్టులో మిరప నారు నాటే హడావుడి. కోత కూలి రేటు, తూకం, యార్డు ధర అనేవి ఇంకా ఊహలో కూడా ఉండవు. అవి ప్రశ్నలుగా మారేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, కళ్లాలలో కాయ ఎండుతున్నప్పుడు. అప్పటికి కర్నూలు కూలీలు కూడా ఊళ్లోనే ఉంటారు. పగలంతా చేలో ఉండే ఆ స్త్రీలు ఫోను ఎత్తగలిగేది రాత్రి ఏడు దాటాకే. అందుకని ఇక్కడ పెట్టే వేదిక ఫిబ్రవరిలో, రాత్రి ఏడు నుంచి తొమ్మిది మధ్య తెరిచి ఉండాలి.